వెనక గదిలోని అమ్మకు డాక్టరు గారు కనబడాలంటే



మన ఆసుపత్రిలో చాలా ఏళ్లుగా చక్కెర వ్యాధికి మందులు వాడుతున్న ఒక అమ్మగారు కొండాపూర్‌లో కొడుకు ఇంట్లో ఉంటున్నారు. ఆమెకు కాలి బొటనవేలి దగ్గర చిన్న పుండు లేచింది. కట్టు కట్టించుకుని వెళ్లాక, మూడో రోజున వీడియో కాల్‌లో చూపించమని డాక్టరు గారు చెప్పారు. చెప్పిన వేళకే కాల్ కలిసింది. "అమ్మా, కట్టు విప్పి కాలు కాస్త దగ్గరగా చూపించండి" అన్నారు. అంతలో బొమ్మ ఆగిపోయింది. మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. మూడుసార్లు తెగిపోయాక అమ్మగారు విసుగెత్తి, "బాగానే ఉంది లెండి డాక్టరు గారూ, వచ్చే వారం నేనే వస్తాను" అన్నారు.

డాక్టరు గారికి మనసొప్పలేదు. చక్కెర వ్యాధి చాలాకాలంగా ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. పుండు ముదిరినా నొప్పి తెలియకపోవచ్చు. అందుకే ఆ పుండును కంటితో చూడాలి. రేపైనా సరిగా చూపించాలి, లేదంటే ఆసుపత్రికి తీసుకురావాలి అని కొడుకుకు ఫోన్ చేయించారు.

కొడుకు సాఫ్టువేరు ఉద్యోగి. ఇంట్లో 100 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉంది. కాని రూటరు గుమ్మం పక్కన చెప్పుల అలమర లోపల ఉంది. అమ్మగారి గది ఇంటికి అటు చివర. మధ్యలో మూడు గోడలు, ఒక ఇనుప బీరువా. అలమర వెనక చుట్ట చుట్టి ఉన్న తీగ హాలు దాకా సరిపోయింది. ఆ రాత్రే రూటరును హాలు గోడకు ఎత్తుగా బిగించారు. మర్నాడు బొమ్మ తేటగా వచ్చింది. పుండు చుట్టూ ఎరుపు పాకడం చూసి డాక్టరు గారు ఆ సాయంత్రమే రమ్మన్నారు. దేవుని కృపవల్ల వేలు దక్కింది.

2020 మార్చి 25న మన దేశంలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వెలువడ్డాయి. అప్పటినుండి ఇంటినుండే వైద్యునితో మాట్లాడడం మామూలైంది. కేంద్ర ప్రభుత్వపు ఈ-సంజీవని సేవ కూడా ఉంది. కాని మాదాపూర్, గచ్చిబౌలి, మియాపూర్ వైపునుండి మాతో మాట్లాడే పెద్దలు చాలామంది, ఇంత నెట్ ఉన్న ఊళ్లో ఉండి కూడా, "సిగ్నల్ రావడం లేదు సిస్టరమ్మా" అంటున్నారు. అందుకే ఈ నెల దీని గురించి రాస్తున్నాము.

లోపం ఎక్కడుంది?

ముందుగా ఒక పరీక్ష చేయండి. ఫోన్‌తో రూటరు పక్కన నిలబడి స్పీడ్‌టెస్ట్ పెట్టండి. తరువాత రోగి ఉండే గదిలో తలుపు వేసి మళ్లీ పెట్టండి. రూటరు పక్కనే వేగం తక్కువగా ఉంటే లోపం కనెక్షన్‌లోనో రూటరులోనో ఉండవచ్చు. కంపెనీకి ఫిర్యాదు చేయాలి. పక్కన బాగుండి గదిలో తగ్గితే లోపం మన ఇంట్లో ఉంది. అప్పుడు ఎక్కువ డబ్బు పెట్టి పెద్ద ప్లాను తీసుకున్నా గుణం కనబడదు. డాక్టరు గారితో మాట్లాడే వీడియో కాల్‌కు నికరంగా ఒకటి రెండు ఎంబీపీఎస్ అందితే సాధారణంగా చాలు. ఆ కొంచెం గదిలోకి చేరాలి, అంతే.

వైఫై రేడియో తరంగం. చెక్క తలుపును తేలికగా దాటుతుంది. ఇటుక గోడ దాన్ని కొంత మింగుతుంది. ఇనుప కమ్మీలున్న కాంక్రీటు ఇంకా ఎక్కువ మింగుతుంది. సైబరాబాద్‌లో కొత్తగా లేచిన ఎత్తయిన భవనాలలో చాలావాటికి లోపలి గోడలు కూడా కాంక్రీటువే. మేస్త్రీలు దీనినే మైవాన్ పని అంటారు. ఇటుక గోడల పాత ఇంట్లో సరిపోయిన రూటరు అటువంటి ఇంట్లో సరిపోకపోవచ్చు. బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం తరంగాన్ని వెనక్కి కొడతాయి. చేపల తొట్టిలోని నీరు పీల్చుకుంటుంది.

ఖర్చు లేని మార్పులు

రూటరును ఇంటి మధ్యకు, నాలుగైదు అడుగుల ఎత్తుకు తీసుకురండి. టీవీ వెనక, అలమరలో, నేలమీద పెట్టకండి. పైన గుడ్డ కప్పకండి, వేడెక్కుతుంది. బయటికి యాంటెన్నాలు ఉంటే నిలువుగా నిలపండి, తరంగం పక్కలకు పరుచుకుంటుంది. ఇంటికి వచ్చే ఫైబరు తీగలో ఉన్నది సన్నని గాజుపోగు. దాన్ని మడిచినా, లాగినా పాడవుతుంది. పొడవు చాలకపోతే మీరు అతుకు వేయకుండా కంపెనీ మనిషిని పిలిపించండి.

చాలా రూటర్లు రెండు పేర్లతో సిగ్నల్ ఇస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ ది దూరం పోతుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ ది వేగమైనది, కాని గోడలకు త్వరగా బలహీనపడుతుంది. వెనక గదిలోని ఫోన్‌ను మొదటి దానికి కలిపి చూడండి. అయితే ఇరుగుపొరుగు రూటర్లన్నీ ఆ దారిలోనే రద్దీ చేస్తాయి. ఛానల్ 1, 6, 11 ఒకదానితో ఒకటి కలవవు గనుక, ఆ మూడింటిలో రద్దీ తక్కువైన దానికి మార్చుకోవచ్చు. మైక్రోవేవ్ ఓవెన్ కూడా అదే తరంగాల దగ్గర పనిచేస్తుంది. కాల్ జరిగేటప్పుడు దాన్ని ఆపండి.

ఇవన్నీ చేశాక కూడా అందకపోతే

రూటరునుండి ఆ గదికి లాన్ కేబుల్ లాగి, అక్కడ రెండో వైఫై పెట్టెను పెట్టడం అన్నిటికంటే నమ్మకమైన పని. ఈ కేబుల్ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది. చౌకగా దొరికే రిపీటరును సిగ్నల్ లేని గదిలో పెడితే ప్రయోజనం లేదు. సిగ్నల్ ఇంకా బాగున్న చోట, సగం దూరంలో పెట్టాలి. వాటిలో చాలావాటికి వేగం సగం తగ్గుతుంది గాని, వీడియో కాల్‌కు చాలవచ్చు. కరెంటు పోయే చోట రూటరుకు చిన్న యూపీఎస్ పెట్టుకోండి.

రూటరు వల్ల హాని ఉందా?

ఈ ప్రశ్న మమ్మల్ని తరచుగా అడుగుతారు. 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రేడియో తరంగాలను "క్యాన్సర్ కారకం కావచ్చు" అనే వర్గంలో చేర్చిన మాట నిజం. సాక్ష్యం పరిమితంగా ఉన్నవాటిని ఆ వర్గంలో పెడతారు. వైర్‌లెస్ నెట్‌వర్కుల బలహీనమైన తరంగాల వల్ల ఆరోగ్యానికి హాని కలుగుతుందనడానికి నమ్మదగిన శాస్త్రీయ ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో తెలిపింది. ఇంటి రూటరు శక్తి సాధారణంగా వాటులో పదో వంతు దరిదాపులో ఉంటుంది. కనుక భయంతో దాన్ని మూల దాచవద్దు. పేస్‌మేకర్ ఉన్నవారు మాత్రం రూటరును, ఫోన్‌ను ఛాతీకి కనీసం ఆరు అంగుళాల దూరంలో ఉంచాలి.

ఒక హెచ్చరిక. ఛాతీనొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, స్పృహ తప్పడం వంటివాటికి వీడియో కాల్ కోసం కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. మామూలు సంప్రదింపులోనూ బొమ్మ రాకపోతే "బాగానే ఉంది" అని ముగించకండి. మామూలు ఫోన్ చేసి, పగటి వెలుతురులో తీసిన ఫోటో డాక్టరు గారికి పంపండి, లేదా ఆసుపత్రికి రండి.

చివరిగా మన సంఘాలలోని యౌవనస్థులకు ఒక మనవి. మీలో ఎందరో హైటెక్ సిటీ ఆఫీసులలో పనిచేస్తున్నారు. మాకు కష్టంగా తోచే ఈ పని మీకు అరగంట పని. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మీ సంఘంలో ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దాయన ఇంటికో, ఒక అమ్మగారి ఇంటికో వెళ్లండి. వారి మంచం దగ్గర కూర్చుని, వారి ఫోన్‌తోనే ఒక వీడియో కాల్ చేసి చూడండి. ఆగిపోతే రూటరు ఎక్కడుందో వెదకండి. రోగిని దర్శించడమనే పరిచర్యలో ఇదీ ఒక భాగమని మేము తలంచుచున్నాము.

ప్రభువు మీ ఇంటివారినందరినీ ఆరోగ్యముతో కాపాడునుగాక.