కొత్త జట్టు, కొత్త ఆశ



బడి తెరిచిన కొత్తలో అందరికీ ఉత్సాహంగా ఉంటుంది. పుస్తకాలకు అట్టలు వేసుకుంటాం. మొదటి పేజీలో అక్షరాలు ముత్యాల్లాగా రాస్తాం. ఈ ఏడు నేనే ఫస్టు అని ప్రతివాడూ అనుకుంటాడు. ఆటల జట్ల సంగతీ అంతే. మొదటి ఆట ఆడకముందు లోకంలో ప్రతి జట్టూ గెలిచే జట్టే!

ఆ ఆశను ఎంతవరకు నమ్మవచ్చు? దేన్ని చూసి నమ్మాలి? ఈ ప్రశ్న నాకు రెండుసార్లు ఎదురయింది. మొదటిసారి నేను హెడ్మాష్టరుగా ఉన్న రోజుల్లో. అప్పుడు తప్పు చేశాను. రెండోసారి 2024లో, అమెరికాలో ఉన్న నా మనుమడి మూలంగా. ముందు మనుమడి సంగతి చెబుతాను.

మా అమ్మాయి కొడుకు కెంటకీ రాష్ట్రంలో లూయివిల్ అనే పట్టణంలో చదువుకుంటున్నాడు. ఓహాయో నది ఒడ్డున ఉన్న పట్టణం అది. ముష్టియుద్ధంలో జగత్ప్రసిద్ధుడైన మహమ్మదాలీ 1942లో పుట్టింది అక్కడే. ఆ ఊరివాళ్ళు తమ ఊరి పేరును "లూవల్" అన్నట్టు గబుక్కున మింగేస్తారు. నేను అక్షరాలన్నీ పలికితే వాడు ఫోనులోనే నవ్వుతాడు.

ఆ ఊరి విశ్వవిద్యాలయపు బాస్కెట్ బాల్ జట్టంటే ఊరంతటికీ ప్రాణం. ఆట చూడటానికి 22 వేల మంది పట్టే భవనం కట్టుకున్నారు. జట్టు పేరు కార్డినల్స్. కార్డినల్ అంటే తలపై కుచ్చు గల ఒక ఎర్ర పిట్ట, కెంటకీకి అది రాష్ట్ర పక్షి. ఈ జట్టు 1980లోనూ, 1986లోనూ అమెరికా కళాశాలలన్నిటిలోకీ మొదటిది అయింది. 2013లో కూడా గెలిచింది కాని, నిబంధనలు తప్పినందుకు ఆ గెలుపును 2018లో రికార్డుల్లోంచి కొట్టివేశారు.

అటువంటి జట్టుకు చెడ్డరోజులు వచ్చాయి. 2022-23లో 32 ఆటలు ఆడి 4 గెలిచింది. మరుసటి ఏడు మళ్ళీ 32 ఆడి 8 గెలిచింది. అంటే రెండేళ్ళలో 64 ఆటలకు 12 గెలుపులు! 2024 మార్చిలో పాత కోచ్‌ను తీసేసి, చార్ల్‌స్టన్ కళాశాల నుంచి పాట్ కెల్సీ అనే ఆయనను తెచ్చుకున్నారు. ఆయన వచ్చాక, పాత జట్టులో స్కాలర్‌షిప్ మీద ఆడేవారిలో ఒక్కడు కూడా మిగలలేదు.

ఒక్కడూ లేకుండా జట్టు ఎట్లా? పూర్వం అక్కడ ఒక కళాశాల విడిచి మరొక దానిలో చేరిన ఆటగాడు సాధారణంగా ఒక ఏడాది ఆడకుండా కూర్చోవలసి వచ్చేది. 2021 నుంచి ఆ నిబంధన సడలింది. అందుచేత కెల్సీ నాలుగు మూలల నుంచి ఆటగాళ్ళను పోగుచేశాడు. విస్కాన్సిన్ నుంచి చకీ హెప్‌బర్న్ వచ్చాడు. జేమ్స్ మాడిసన్ విశ్వవిద్యాలయం నుంచి టెరెన్స్ ఎడ్వర్డ్స్ వచ్చాడు. తమాషా ఏమంటే, అదే 2024 మార్చిలో జాతీయ పోటీలలో ఈ ఇద్దరూ ఎదురెదురుగా ఆడారు! ఎడ్వర్డ్స్ జట్టు 72-61 తేడాతో హెప్‌బర్న్ జట్టును ఇంటికి పంపింది. నవంబరు వచ్చేసరికి ఇద్దరూ ఒకే ఎర్ర చొక్కా తొడుక్కున్నారు. కోచ్ వెంట చార్ల్‌స్టన్ నుంచి రేన్ స్మిత్ అనే కుర్రవాడు కూడా వచ్చాడు. అతనిది ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవి.

2024 నవంబరు 4న మొదటి ఆట. మర్నాడు పొద్దున నేను కాఫీ తాగుతూ ఉండగా ఫోను మోగింది.

"తాతయ్యా, గెలిచాం! 93-45! నలభై ఎనిమిది పాయింట్ల తేడా! ఈసారి కప్పు మనదే!"

"ఎవరి మీద గెలిచార్రా?" అని అడిగాను.

వాడు కొంచెం తగ్గాడు. "మోర్‌హెడ్ స్టేట్ అని... చిన్న కాలేజీలే."

అయిదు రోజులు గడిచాయి. సొంత ఊళ్ళోనే టెనెసీ చేతిలో 77-55 తేడాతో ఓడిపోయారు. ఆ రోజు వాడు ఫోను చేయలేదు. అన్నం సరిగా తినలేదని మా అమ్మాయి చెప్పింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. బాస్కెట్ బాల్‌లో ఒక్కొక్క జట్టు తరఫున అయిదుగురు బరిలో ఉంటారు. అయిదుగురిలో ఎన్ని జంటలు ఉన్నాయి? ప్రతివాడికీ నలుగురు తోటివాళ్ళు. అయిదు నాలుగులు 20. ప్రతి జంటనూ రెండుసార్లు లెక్కపెట్టాం గనక అందులో సగం, 10 జంటలు. పాత జట్టులోకి ఒక్క కొత్తవాడు వస్తే, కొత్త జంటలు 4 మాత్రమే. మిగిలిన 6 జంటలు ఒకరి మనసు ఒకరు ఎరిగినవి. అందరూ కొత్తవాళ్ళయితే? పదికి పదీ కొత్తవే! మార్చి మార్చి ఎనిమిది మందిని ఆడిస్తే జంటలు 28. మీరు కూడా కాగితం మీద వేసి చూడండి.

ఒకరినొకరు ఎరగటం ఎందుకంటే, ఆ ఆటలో మాట్లాడుకునే వ్యవధి ఉండదు. అమెరికా కళాశాలల పురుషుల పోటీలలో బంతి చేతికి వచ్చాక 30 సెకండ్లలోగా బుట్టకేసి విసరాలి. తోటివాడు కుడికి వెళతాడా, ఎడమకు వెళతాడా అన్నది ముందే తెలిసి ఉండాలి. ఇది మైదానంలో కలిసి మెలిసి ఆడితే వచ్చేదే గాని, ఎంత మంచి ఆటగాడయినా ఇంటి దగ్గరనుంచి తెచ్చుకునేది కాదు.

నవంబరు చివర బహామా దీవులలో పోటీలు జరిగాయి. ఇండియానా జట్టు మీద 89-61 తేడాతో గెలిచారు. ఇండియానా అంటే చిన్న జట్టు కాదు. మా వాడు మళ్ళీ ఎగిరి గంతేశాడు. మర్నాడు వెస్ట్ వర్జీనియా మీద గెలిచారు గాని, ఆ ఆటలో ఒక ముఖ్య ఆటగాడి మోకాలి లిగమెంటు తెగింది. మరొకడు అంతకు ముందే భుజం దెబ్బతో పడి ఉన్నాడు. ఇద్దరూ ఆ ఏడాదికి ఇక ఆడలేదు. ఎనిమిది మందిలో ఒకడు తప్పుకుని అతని చోట మరొకడు వస్తే ఎన్ని కొత్త జంటలు ఏర్పడతాయి? ఏడు! లెక్క మళ్ళీ మొదటికి వచ్చిందన్న మాట.

తరవాత ఓక్లహోమా చేతిలో ఓడారు. మిసిసిపీ చేతిలో ఓడారు. డ్యూక్ చేతిలో ఓడారు. డిసెంబరు 14న తమ రాష్ట్రంలోనే ఉన్న బద్ధ ప్రత్యర్థి కెంటకీ విశ్వవిద్యాలయం చేతిలో 93-85 తేడాతో ఓడారు. విచిత్రమేమంటే ఆ ఏడు కెంటకీ జట్టు కూడా అట్లాగే పూర్తిగా కొత్తగా కట్టినదే. మొత్తం 11 ఆటలు, 6 గెలుపులు, 5 ఓటములు.

"మనవాళ్ళ పని అయిపోయింది, తాతయ్యా! ఇక నేను చూడను," అన్నాడు మనుమడు.

ఆ మాట వినగానే నా పాత తప్పు జ్ఞాపకం వచ్చింది.

మా బడిలో సిమెంటు బరి ఒకటి ఉండేది. మా డ్రిల్లు మాష్టారు మద్రాసులో వై.ఎమ్.సి.ఎ. వారి వ్యాయామ కళాశాలలో చదివినవాడు. హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ దానిని 1920లో స్థాపించాడు. అసలు బాస్కెట్ బాల్ పుట్టిందే వై.ఎమ్.సి.ఎ. వారి శిక్షణ పాఠశాలలో. 1891లో స్ప్రింగ్‌ఫీల్డు అనే ఊళ్ళో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు పీచ్ పళ్ళ బుట్టలు రెండింటిని 10 అడుగుల ఎత్తున బిగించి ఆ ఆట మొదలుపెట్టాడు.

ఒక ఏడు మా జట్టులోని పెద్దపిల్లలందరూ పదోతరగతి ముగించి వెళ్ళిపోయారు. మాదీ పూర్తిగా కొత్త జట్టే. మొదటి రెండు ఆటలూ ఘోరంగా ఓడిపోయారు. తొమ్మిదో తరగతి కుర్రవాడు ఒకడు, సన్నగా పొడుగ్గా ఉండేవాడు, బంతిని మాటిమాటికీ ఎవరూ లేని చోటికి విసిరేవాడు. చూసేవాళ్ళు పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. వాణ్ణి తీసేయమన్నాను.

మా డ్రిల్లు మాష్టారు నెమ్మదిగా, "సార్, వాడు తప్పు చోటికి వేయటం లేదు. అవతలి పిల్లవాడే ఆ చోటికి సమయానికి రావటం ఇంకా నేర్చుకోలేదు. కొంచెం ఓపిక పట్టండి," అన్నాడు.

నేను పట్టలేదు. హెడ్మాష్టరును గదా! వాణ్ణి తీసేయించాను. ఆ కుర్రవాడు మళ్ళీ ఎన్నడూ మైదానానికి రాలేదు. సాయంత్రం గంట కొట్టగానే సంచీ భుజాన వేసుకుని తిన్నగా ఇంటికి పోయేవాడు. రెండు నెలలకు మిగతా పిల్లలు నేర్చుకున్నారు. సమయానికి సరిగ్గా ఆ చోటికే పరిగెత్తుకు వచ్చేవారు. కాని అక్కడికి బంతిని విసిరేవాడు లేడు.

ఈ సంగతి మనుమడికి ఎన్నడూ చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. తరవాత ఇద్దరం కలిసి ఓటముల పట్టిక వేశాం. ఓడించినవారిలో టెనెసీ, డ్యూక్, కెంటకీ, మిసిసిపీ ఉన్నాయి. ఇవి గట్టి జట్లని డిసెంబరులోనే అందరికీ తెలుసు. మార్చిలో ఈ నాలుగూ జాతీయ పోటీల చివరి 16 జట్లలో నిలిచాయి! మోర్‌హెడ్ మీద 48 పాయింట్ల గెలుపు మమ్మల్ని ఎంత మోసగించిందో, ఈ ఓటములూ అంతే మోసగించాయి.

ఒక రూపాయి బిళ్ళ తీసుకుని 4 సార్లు ఎగరవెయ్యండి. నాలుగుసార్లూ ఒకే వైపు పడటానికి 8లో 1 వంతు అవకాశం ఉన్నది. తరగతిలో 40 మంది ఎగరవేస్తే సుమారు అయిదుగురికి అట్లా పడుతుంది. వాళ్ళ బిళ్ళల్లో దోషమేమీ లేదు. అదే 100 సార్లు ఎగరవేస్తే ఇంచుమించు సగం అటూ, సగం ఇటూ పడతాయి. (తల్లిదండ్రులకు ఒక మాట: జులైలో మొదటి యూనిట్ టెస్టు మార్కులు చేత్తో పట్టుకుని, పిల్లవాడి జాతకం తేలిపోయినట్టు నా గదిలోకి వచ్చినవారు ఎందరో! అవి నాలుగు ఎగరవేతలు మాత్రమే.)

మనుమడు మళ్ళీ ఆట చూడసాగాడు. లూయివిల్ జట్టు వరసగా 10 ఆటలు గెలిచింది. అందులో జనవరి 1న నార్త్ కరొలైనా మీద గెలుపు ఒకటి. ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఫోను మోగింది.

"తాతయ్యా! హెప్‌బర్న్ బంతిని ఎవరూ లేని చోటికి వేశాడు. అది అక్కడికి చేరేసరికి స్మిత్ వచ్చి ఉన్నాడు! మీ డ్రిల్లు మాష్టారు చెప్పినట్టే!"

నాకు కొంతసేపు మాట రాలేదు.

తమ సమాఖ్యలో ఆడిన 20 ఆటలలో 18 గెలిచారు. హెప్‌బర్న్‌ను ఆ సమాఖ్యలో ఉత్తమ రక్షణ ఆటగాడుగా ఎన్నుకున్నారు. అయితే కప్పు మాత్రం రాలేదు. సమాఖ్య చివరి ఆటలో డ్యూక్ 73-62తో ఓడించింది. 2025 మార్చి 20న జాతీయ పోటీలలో మొదటి ఆటలోనే క్రేటన్ 89-75తో ఓడించింది. మొత్తం 35 ఆటలు, 27 గెలుపులు. ఆ రోజు కూడా మా వాడు సరిగా అన్నం తినలేదట. కాని ఫోను మాత్రం చేశాడు.

హెప్‌బర్న్, ఎడ్వర్డ్స్, స్మిత్ ముగ్గురికీ కళాశాల ఆట అంతటితో ముగిసింది. వాళ్ళ చోట మళ్ళీ కొత్తవాళ్ళు వచ్చారు. 2025 నవంబరులో మొదటి ఆట అయిన మర్నాడు, కాఫీ వేళకు, ఫోను మోగనే మోగింది.

"గెలిచాం, తాతయ్యా!" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా తనే, "చిన్న కాలేజీ మీదేలే," అని నవ్వాడు.