తెగిన పోగు ఎక్కడ?

సూరత్ నగరంలో తెలుగు నేత కుటుంబాలు ఎక్కువగా నివసించే పేటలలో లింబాయత్ ఒకటి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో సైతం పాఠశాలలు నడుపుతూ వచ్చిందంటే అక్కడి మనవారి సంఖ్యను ఊహించుకోవచ్చు. ఆ పేటలోని ఒక ఇంట్లో, ఒకనాటి సాయంత్రం, ఒక విద్యార్థిని గుండుసూది పట్టుకొని రౌటర్ ముందు నిలబడి ఉంది. కళాశాల ప్రవేశానికి దరఖాస్తు గడువు ఆ అర్ధరాత్రితో ముగుస్తుంది. ల్యాప్‌టాప్‌కు ఇంటి వైఫై అందడం లేదు. రౌటర్ వెనుకనున్న సన్నని రంధ్రంలో సూదితో నొక్కితే అంతా సర్దుకుంటుందని ఎవరో చెప్పారు.

మరమగ్గంపై ముప్పై ఏళ్లు పనిచేసిన తండ్రి ఆమెను వారించాడు. "మగ్గం ఆగితే మొత్తం విప్పుతమా బిడ్డా? పోగు ఏడ తెగిందో ముందుగాల చూడు."

ఆ మాట ఆమెను కాపాడింది. ఆ మీట నొక్కితే రౌటర్ కర్మాగారం నుంచి వచ్చిన నాటి స్థితికి మరలుతుంది. సేవాసంస్థ అందులో నమోదు చేసిన వివరాలు చెరిగిపోతే, ఇంటిల్లిపాదికీ ఇంటర్నెట్ నిలిచిపోవచ్చు.

మరి, పోగు తెగిన చోటును కనుగొనడం ఎలా? ముందుగా ఫోనులో మొబైల్ డేటాను ఆపి, అదే వైఫైతో ఏదైనా పుట తెరిచి చూడండి. తెరుచుకోకపోతే లోపం రౌటర్‌లోనో, బయటి తీగలోనో ఉన్నది. ఫైబర్ కనెక్షన్ పెట్టెపై 'లాస్' దీపం ఎర్రగా వెలుగుతూంటే కాంతి సంకేతం ఇంటికి చేరడం లేదని అర్థం. అప్పుడు ల్యాప్‌టాప్‌ను ఎంత సవరించినా ఫలితముండదు. సేవాసంస్థకు ఫోను చేయవలసిందే.

ఫోనులో పుట తెరుచుకుంటే లోపం చాలావరకు ల్యాప్‌టాప్‌లోనే. విమాన ప్రయాణపు మోడ్ పొరపాటున ఆన్ అయిందేమో చూడండి. పొరుగిళ్ల వైఫై పేర్లు కనిపిస్తూ మీది మాత్రమే కనిపించకపోతే, రౌటర్ 5 గిగాహెర్ట్జ్ తరంగాలపై పనిచేస్తూ ఉండవచ్చు; పాత ల్యాప్‌టాప్‌లలో అనేకం 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలనే గ్రహించగలవు. వైఫై కలిసినా పుటలు తెరుచుకోకపోతే ల్యాప్‌టాప్ చిరునామా చూడండి. అది 169.254 అంకెలతో మొదలైతే, రౌటర్ నుంచి చిరునామా అందక యంత్రం తనకు తానే ఒకటి కల్పించుకున్నదన్నమాట. రౌటర్‌ను ఒకసారి ఆపి, కొద్ది క్షణాల తరువాత వెలిగిస్తే తరచుగా చక్కబడుతుంది.

ఆ ఇంట్లో తండ్రి ఫోను చక్కగా పనిచేసింది. వైఫై పేరు ల్యాప్‌టాప్‌పై కనిపిస్తూనే ఉంది, కాని లోనికి రానివ్వడం లేదు. అప్పుడు తమ్ముడికి గుర్తొచ్చింది: ముందురోజు అతడు పాస్‌వర్డ్ మార్చి, ఫోనులకు మాత్రమే కొత్తది ఇచ్చాడు. ల్యాప్‌టాప్ పాతదానినే పట్టుకు వేలాడుతోంది! ఆ వైఫై పేరును ల్యాప్‌టాప్ జ్ఞాపకం నుంచి తొలగించి, కొత్త పాస్‌వర్డ్‌తో మళ్లీ కలిపారు. రెండు నిమిషాల పని.

రాత్రి తొమ్మిదిన్నరకు దరఖాస్తు చేరింది. గుండుసూది తల్లి కుట్టుపెట్టెలోకి తిరిగి వెళ్లింది.