గుమ్మానికి వేలాడే జెన్

జపాన్‌లో దుకాణం తెరిచారో లేదో చూడ్డానికి తలుపు దాకా వెళ్లక్కర్లేదు. గుమ్మానికి చీలికల తెర వేలాడుతుంటే రమ్మని పిలిచినట్టే. తెర తీసి లోపల పెట్టేశారంటే ఇక రేపే. ఈ తెరే నోరెన్. 12వ శతాబ్దపు షిగిసాన్ చిత్రపటంలోనే ఇళ్ల వాకిళ్లకు ఇలాంటి గుడ్డలు కనిపిస్తాయి. చలిగాలి చొరబడకుండా జెన్ బౌద్ధ మఠాల్లోనూ తెరలు కట్టేవారు.

ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేసిన గుమాస్తాకు తన కొట్టు పేరుతోనే వేరే కొట్టు పెట్టుకునే హక్కు ఇవ్వడం అక్కడి యజమానుల ఆచారం. దాన్ని నోరెన్ పంచి ఇవ్వడం అంటారు.

ఎండాకాలం తెరకు నారబట్టే హాయి. నారబట్టల్లో పేరుమోసినవి నీగాతా ప్రాంతపు ఎచిగో-జోఫు, ఒజియా-చిజిమి. రామీ మొక్క నారతో నేసిన ఈ బట్టల్ని చలికాలం చివర్లో మంచు మీద పరిచి, ఎండలో తెల్లబరుస్తారు. 2009లో యునెస్కో వీటి నేతపనిని వారసత్వ జాబితాలో చేర్చింది.

తెర మీద బొమ్మ గీయాలంటే మాత్రం, నార మీద కుంచెపని మహా కష్టం. పోగు నునుపుగా ఉండదు, అక్కడక్కడా ఉబ్బులుంటాయి. తడి కుంచె తగలగానే రంగు పోగు వెంట పాకిపోతుంది. తుడిచి మళ్లీ గీసే వీలుండదు. అందుకే చివర్లకు సూదులున్న సన్నటి వెదురు పుల్లలతో బట్టను బిగించి, సోయా గింజల్ని నానబెట్టి రుబ్బి తీసిన పాలు ముందుగా పూస్తారు. సోయాలోని మాంసకృత్తులు రంగును పట్టి ఉంచుతాయి. మన శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు బట్టను కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచేదీ రంగు పాకకూడదనే. అక్కడా ఇక్కడా పాలనే నమ్ముకోవడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

ఇలా సిద్ధమైన తెర మీదకు ఎక్కే జెన్ గుర్తుల్లో ఒకటి క్యోటోలోది. అక్కడి ర్యోఆన్-జి ఆలయపు రాతితొట్టి మీద నాలుగు అక్షరాలు చెక్కారు. నాలుగింటికీ ఉమ్మడి భాగం మధ్యలోని చదరపు గుంట. నీళ్లు నిలిచేది అందులోనే. ఉన్నదే చాలునని తెలుసుకోవడం ఆ మాటల సారం.

తెరల మీద తరచు కనిపించే మరో జెన్ గుర్తు ఎన్సో, ఒక్క విసురులో గీసిన సున్నా. కాగితం మీది సున్నా కన్నా తెర మీదిదే నాకిష్టం. చీలిక మీద గీస్తే, మనిషి లోపలికి వచ్చినప్పుడల్లా అది రెండుగా విడిపోతుంది, వెంటనే తనంతట తనే కలుసుకుంటుంది. నిండుతనం, శూన్యం ఒకటేనని చెప్పడానికి ఇంతకన్నా తగిన చోటు ఏముంటుంది?

తెర మీద గుడ్లురిమి చూసే గడ్డం సన్యాసి ఉంటే ఆయన దారుమా, అంటే బోధిధర్ముడు. జెన్ పరంపర చెప్పే భారతీయ గురువుల వరసలో ఆయన 28వ వారు. 14వ పేరు నాగార్జునుడిది. సంప్రదాయం ఆయన్ను మన శ్రీపర్వతంతో, కృష్ణాతీరంతో ముడిపెడుతుంది.