ముందు లెక్క... తర్వాతే రంగు!

పాత వాహనాన్ని కాపాడటమంటే దానికి మెరుగుపెట్టడమేనా? చౌమహల్లాలోని నిజాం రోల్స్‌రాయిస్ నుంచి మన ఆల్విన్ స్కూటర్ దాకా ఏవి మిగిలాయో, ఏవి పోయాయో చూస్తే జవాబు దొరుకుతుంది.

చార్మినార్ నుంచి షాలిబండ, అలియాబాద్ మీదుగా దక్షిణానికి వెళ్తే జహనుమా వస్తుంది. నిజాం కాలపు పాయిగా వంశ ప్రభువు సర్ ఆస్మాన్ జా ప్యాలెస్ పేరే ఈ బస్తీకి పేరైంది. ప్యాలెస్ వైభవం పోయింది, పేరు మాత్రం నిలిచింది. పక్కనే గుట్ట మీద మరో పాయిగా ప్రభువు వికార్ ఉల్ ఉమ్రా 1884లో కట్టడం మొదలుపెట్టిన ఫలక్‌నుమా ఉంది. అది 2010లో హోటల్‌గా మళ్లీ తలుపులు తెరిచింది. ఒకే వంశం కట్టించిన రెండు భవనాల్లో ఒకటి నిలబడి, మరొకటి పేరుకే మిగిలితే, ఆ తేడా దారిన పోయేవాళ్లకు కూడా తెలుస్తుంది. ఈ నగరంలో నిజాములు, పాయిగాలు, జాగీర్దార్లు వాడిన బగ్గీలు, కార్ల సంగతి అలా కాదు. భవనం కూలితే కనీసం స్థలం మిగులుతుంది. కారు తూకానికి వెళ్లిపోతే అది ఉండేదని చెప్పడానికి గుర్తు కూడా ఉండదు. అందుకే వాహనాల విషయంలో రిపేరు కంటే ముందు జరగాల్సిన పని ఒకటుంది. ఉన్నవాటిని లెక్క రాయడం, ఏది ఏ తరగతికి చెందుతుందో తేల్చడం. ఆ పని చేయకుండా పెట్టే ఖర్చు కొన్నిసార్లు చరిత్రను కాపాడకపోగా తుడిచేస్తుంది.

మిగిలిన కారు... మిగలని కార్లు

చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ దగ్గర తప్పకుండా ఆగుతారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన సిల్వర్ ఘోస్ట్ అది. కారు చేతికందకముందే, 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. 1912 నాటి ఈ కారు కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కింది. లండన్‌లోని బార్కర్ సంస్థ బాడీ కట్టింది. వెనక సీటును సింహాసనంలా ఎత్తుగా అమర్చడంతో దీనికి సింహాసనం కారనే పేరొచ్చింది. దర్బారు ఊరేగింపులకు తప్ప బయటికి తీయకపోవడంతో తిరిగిన దూరం చాలా తక్కువ. ఇది మిగలడానికి ఖరీదొక్కటే కారణం కాదు. ఎవరు ఆర్డరిచ్చారు, బాడీ ఎవరు కట్టారు, ఎందుకు వాడారు అన్న వివరాలు కారుతోపాటే నడిచొచ్చాయి. వివరం తెలిసిన వస్తువును తుక్కు కింద అమ్మడానికి ఎవరికీ చెయ్యి రాదు. అదే నిజాం గ్యారేజీల్లో, అంతే ఖరీదు పెట్టి కొన్న ఎన్నో కార్లు దశాబ్దాల తరబడి తుప్పుపట్టిపోయాయి.

నిజాం నగలతో పోల్చి చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. ఉస్మాన్ అలీఖాన్ 1950ల మొదట్లో నగల కోసం ట్రస్టులు పెట్టారు. ఏ హారం, ఏ వజ్రం ఆ ట్రస్టు కిందికి వస్తుందో కాగితం మీద ఉంది. ఏళ్ల తరబడి వారసుల మధ్య, కోర్టుల్లో వివాదాలు నడిచినా వస్తువు ఏదన్న దాని మీద సందేహం రాలేదు. చివరికి 1995లో కేంద్ర ప్రభుత్వం 173 నగలను దాదాపు 218 కోట్ల రూపాయలకు కొన్నది. తర్వాత సాలార్‌జంగ్ మ్యూజియంలో జనం వాటిని చూడగలిగారు. సాలార్‌జంగ్ సేకరణ కథ కూడా ఇలాంటిదే. 1949లో మూడో సాలార్‌జంగ్ వారసులు లేకుండా చనిపోయినా సేకరణ చెల్లాచెదురు కాలేదు. 1951లో మ్యూజియం తెరిచారు, 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ సంస్థ అయింది. నగలకు లెక్క ఉంది, మ్యూజియం వస్తువులకు లెక్క ఉంది. కార్లకు మాత్రం ఎవరూ ఆ శ్రద్ధ పెట్టలేదు. వాటిని వారసత్వ సంపదగా కాక పాతబడిన సామానుగా చూడటమే దానికి కారణం.

వయసొక్కటే చాలదు

మన చట్టాలు ఈ విషయంలో వయసును మాత్రమే గట్టిగా పట్టుకున్నాయి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక ప్రాధాన్యమున్న వస్తువుకు నూరేళ్లు నిండాలి. ఆ లెక్కన సింహాసనం కారు 2012కు గానీ ఆ గీత దాటలేదు. అంతకుముందు దానికి ఆ చట్టం అండ లేదు. 2021లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ కొంత మేలు. యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలకు, కార్లకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయలు, పదేళ్ల తర్వాత పునరుద్ధరణకు 5 వేలు. చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులేవీ జరగకూడదు. రోజువారీ తిరుగుడుకు, వ్యాపారానికి వాడకూడదు. నిబంధన మంచిదే. కానీ అది వాహనం రోడ్డెక్కడానికి సంబంధించిన నిబంధన, చరిత్రను నమోదు చేసేది కాదు. కదలకుండా షెడ్డులో పడి ఉన్న కారుకు, ఎప్పుడో ఇంజన్ మారిన కారుకు అందులో చోటు లేదు.

ఇంజన్ మారినంత మాత్రాన చరిత్ర పోతుందా? ఈ ప్రశ్నకు పాత రేసు పడవలు మంచి జవాబిస్తాయి. 1961లో ఇంగ్లండ్‌లో కౌస్ నుంచి టార్కే దాకా మొదలైన సముద్ర రేసుల్లో పడవలకు ఇంజన్లు తరచూ మార్చేవాళ్లు. అలల మీద ఎగిరెగిరి పడే పడవకు అడుగుభాగం ఆకారమే ప్రాణం. ఆ ఆకారం గీసినవాళ్లలో పేరుమోసిన రెనాటో ‘సోనీ’ లెవీ కరాచీలో పుట్టి, బొంబాయిలో పడవలు కట్టాడు. ఆయన పడవ ఎ స్పెరాంజియెల్లా 1963లో, సర్‌ఫ్యూరీ 1967లో ఆ రేసు గెలిచాయి. ఇలాంటి పడవను ఇంజన్ నంబరుతో గుర్తిస్తే చరిత్ర దొరకదు. చెక్క అడుగుభాగం, డిజైనర్ గీసిన నక్షా, ఏ ఏడు ఏ రేసులో ఏ ఇంజన్‌తో పరిగెత్తిందన్న వివరం చూడాలి. గట్టి జాబితాలకు కూడా ఇక్కడ చిక్కులొస్తాయి. బ్రిటన్ చారిత్రక నౌకల జాతీయ రిజిస్టరులో చేరాలంటే యాభై ఏళ్ల వయసు, 33 అడుగుల పొడవు ఉండాలి. రేసులు గెలిచిన పడవైనా అంతకంటే పొట్టిదైతే ఇంకో చిట్టా వెతుక్కోవాల్సిందే. కొలబద్ద దేనికోసం పెట్టామో మరిచిపోతే, కాపాడాల్సిందే బయట ఉండిపోతుంది.

కార్ల ప్రపంచం ఈ పాఠాన్ని కాస్త ముందే నేర్చుకుంది. 1966లో ఏర్పడిన అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ‘ఫివా’ వాహనాన్ని రెండు రకాలుగా చూస్తుంది. ఒకటి కాలం. 1905 నుంచి 1918 మధ్యవి వెటరన్, 1919 నుంచి 1930 మధ్యవి వింటేజ్... ఇలా వరస ఉంటుంది. రెండోది స్థితి. పుట్టినప్పటిలా ఉందా, వాడకంలో అరిగినా అసలుదేనా, పునరుద్ధరించారా, తిరిగి కట్టారా అని అడుగుతుంది. ఆ సమాఖ్య ఆమోదించిన ట్యురిన్ చార్టర్ కూడా చేసిన ప్రతి పనినీ రాసి పెట్టమని, వీలైనంతవరకు అసలు భాగాన్ని తీసేయవద్దని చెబుతుంది. ఈ పద్ధతిలో ఇంజన్ మారిన కారును గెంటేయరు, మారిందని రాసి వేరే తరగతిలో పెడతారు. మనకు కావలసింది ఇదే.

‘ఇది దొరల వైభవమే కదా?’

మామూలుగా వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ఇదే. డ్రైనేజీ సరిగా లేని బస్తీల పక్కన రాజుల కార్లకు సొమ్మెందుకు? న్యాయమైన ప్రశ్న. అయితే లెక్క రాయడానికి పెద్ద సొమ్మక్కర్లేదు. ఫొటో, చాసిస్ నంబరు, పాత కాగితాల నకలు చాలు. అంతకంటే ముఖ్యంగా, జాబితా లేకపోతే ముందు నష్టపోయేది దొరల కార్లు కాదు, జనం వాహనాలు. 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైంది. అప్పటి ఆల్బియన్ బస్సు ఒకటి ఆర్టీసీ భద్రపరచడం వల్ల ఇప్పటికీ చూడగలుగుతున్నాం. 1942లో పుట్టిన హైదరాబాద్ ఆల్విన్ బస్సు బాడీలు కట్టింది, తర్వాత పుష్పక్ స్కూటర్ తెచ్చింది, జహీరాబాద్‌లో నిస్సాన్‌తో కలిసి లైట్ ట్రక్కులు చేసింది. పుష్పక్‌కైనా యాభై ఏళ్లు నిండేదాకా చట్టం గుర్తింపు దొరకదు. చట్టం దాన్ని గుర్తించే వేళకు ఎన్ని మిగులుతాయి? వయసును మాత్రమే కొలిస్తే రోల్స్‌రాయిస్ బతుకుతుంది, మన కార్మికులు చేసిన స్కూటర్ బతకదు.

ఇది ప్రైవేటు ఆస్తి, ప్రభుత్వానికేం పని అని ఇంకో వాదన. లెక్క రాయడమంటే లాక్కోవడం కాదు. యజమాని ఇష్టపడితేనే నమోదు చేయొచ్చు, పేరు, చిరునామా గోప్యంగా ఉంచొచ్చు. పైగా వారసులు పంచుకునే రోజున, అమ్మే రోజున చరిత్ర రుజువైన వాహనానికే ధర పలుకుతుంది. మెకానిక్కుల అభ్యంతరం వేరు. స్పేర్లు దొరకవు, మార్చకుండా బండి నడవదంటారు. నిజమే, నడవని యంత్రం సగం బతికినట్టే. మార్చమనే అంటాం. కానీ తీసిన భాగాన్ని పారేయకుండా దాచమని, మార్చిన తేదీ రాయమని కోరతాం. పాతబస్తీ మిస్త్రీలకు లేతు మీద కొత్త భాగం తయారుచేసే నేర్పుంది. ఏం చేశారో రాసే అలవాటు తోడైతే ఆ నేర్పే రేపటికి చరిత్ర అవుతుంది.

కాబట్టి చేయాల్సిన పని చిన్నదే. రాష్ట్ర పురావస్తు శాఖ, రవాణా శాఖ, ఆర్టీసీ, వింటేజ్ కార్ల క్లబ్బులు కలిసి తెలంగాణ పాత వాహనాలకు ఒక రిజిస్టరు తెరవాలి. పుట్టుక, మార్పులు, ఇక్కడ చేసిన పని అనే మూడు వివరాలు అందులో ఉండాలి. కనీస వయసు ముప్పయ్యేళ్లు చాలు, ఫివా పాటించేదీ అదే. కారు, స్కూటరు, బస్సు, లాంచీ అన్నిటికీ అందులో చోటుండాలి. అది వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మీ ఇంట్లో తాతగారి స్కూటరో, జీపో ఉంటే పెయింటింగ్ షెడ్డుకు పంపే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీయండి. ఇంజన్, చాసిస్ నంబర్లు రాసుకోండి. ఆర్సీ పుస్తకాన్ని పాత కాగితాలతో కలిపి అమ్మేయకండి.