నీడ ఒకటే – జబ్బులు మూడు

సందెవేళ నెక్కొండ పొలాల మధ్య బాటన నడుస్తున్నారనుకోండి. ఎదురుగా వంకరటింకరగా ఏదో పడి ఉంది. “అమ్మో, పాము!” అని గుండె ఝల్లుమంటుంది. టార్చిలైటు వేసి చూస్తే, అది తెగిన మోకు ముక్క! మోకును పామనుకుంటే భయంతో పోయింది. పామునే మోకనుకుని కాలు వేస్తే? వైద్యులకు కూడా ఇలాంటి చిక్కే ఎదురవుతుంది.

ఆ ఊరి రైతు ఒకాయన వరంగల్లు ఆసుపత్రికి వెళ్ళాడనుకుందాం. చాలా రోజులుగా పొడిదగ్గు, నీరసం. ఒళ్ళు కూడా తగ్గింది. ఎక్స్‌రే తీస్తే, రెండు ఊపిరితిత్తుల మొదళ్ళ దగ్గర లింఫు గ్రంథులు వాచినట్లు కనిపించింది. అది క్షయ కావచ్చు. లింఫోమా అనే క్యాన్సర్ కావచ్చు. ఈ రెండూ కాక, సార్కాయిడోసిస్ అనే మూడో జబ్బు కూడా కావచ్చు.

పేరులోనే ఉన్న పోలిక

నార్వే దేశపు చర్మవైద్యుడు సీజర్ బోక్ 1899లో ఒక రోగి చర్మం మీది కణుతులను సూక్ష్మదర్శినితో పరీక్షించాడు. అవి సార్కోమా అనే క్యాన్సర్‌ను తలపించాయి. కాని క్యాన్సర్‌లా ప్రాణాంతకమైనవి కావని ఆయన గ్రహించాడు. అందుకే “సార్కోమా వంటిది” అనే అర్థంలో సార్కాయిడ్ అని పేరు పెట్టాడు.

మన రక్షక కణాలు తమకు లొంగని శత్రువు చుట్టూ గుంపుగా చేరి ముట్టడి వేస్తాయి. ఆ గుంపునే గ్రాన్యులోమా అంటారు. క్షయలో ఆ శత్రువు క్షయ క్రిమి. సార్కాయిడోసిస్‌లో శత్రువెవరో నేటికీ తేలలేదు. ఇది అంటువ్యాధి కాదు. చాలామందిలో మందులు లేకుండానే తగ్గిపోతుంది కూడా. క్యాన్సర్ సంగతి వేరు. అక్కడ శరీర కణాలే అదుపు తప్పి పెరుగుతాయి. కారణాలు వేరైనా, మూడింటిలోనూ గ్రంథులు వాస్తాయి. ఎక్స్‌రేకు కనిపించేది ఆ వాపు మాత్రమే.

పెట్ స్కాన్ అనే కొత్త పరీక్ష ఉంది కదా అంటారేమో! అందులో రేడియోధార్మికత గల గ్లూకోజును రక్తంలోకి ఎక్కిస్తారు. క్యాన్సర్ కణాలు దాన్ని ఆబగా పీల్చుకుని చిత్రంలో వెలుగుతాయి. కాని ముట్టడిలో ఉన్న రక్షక కణాలకూ ఆకలి ఎక్కువే. అవీ అలాగే వెలుగుతాయి!

ముక్క చెప్పే సాక్ష్యం

మరి టార్చిలైటు ఏది? గ్రంథిలోంచి తీసిన చిన్న ముక్క. దీనినే బయాప్సీ అంటారు. నోటిగుండా శ్వాసనాళంలోకి సన్నని గొట్టం పంపి, సూదితో ఆ ముక్కను తీస్తారు. సూక్ష్మదర్శినిలో అదుపు తప్పిన కణాలు కనిపిస్తే క్యాన్సర్. గ్రాన్యులోమా నడిమి భాగం చచ్చి జున్నులా మారి ఉంటే సాధారణంగా క్షయ. అలా మారకుంటే సార్కాయిడోసిస్ అని అనుమానిస్తారు. అంతటితో ఆగక, క్షయ క్రిమి కోసం విడిగా వెదుకుతారు.

ఇంకొక మెలిక ఉంది. క్యాన్సర్ గడ్డకు దగ్గరలోని గ్రంథుల్లో, క్యాన్సర్ కణాలు లేకుండానే, గ్రాన్యులోమాలు ఏర్పడవచ్చు. అప్పుడు “క్యాన్సర్ పాకింది” అనుకోవడం పొరపాటు. ఆ గ్రంథిని మాత్రమే చూసి “క్యాన్సరే లేదు” అనుకోవడమూ పొరపాటే. అందుకే ముక్క చెప్పినదాన్ని రోగి లక్షణాలతో, తక్కిన పరీక్షలతో సరిపోల్చి చూస్తారు.

ఇంత పట్టింపు ఎందుకు? సార్కాయిడోసిస్ ముదిరితే స్టెరాయిడ్లు ఇస్తారు. ఉన్నది క్షయ అయితే, క్షయ మందులు లేకుండా ఇచ్చిన స్టెరాయిడ్లు దాన్ని రెచ్చగొడతాయి. లింఫోమా అయితే, గడ్డలు కొన్నాళ్ళు కరిగినట్లే కరిగి అసలు జబ్బు మరుగున పడుతుంది.

మందు పేరు చూసి కూడా జబ్బును ఊహించకూడదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన పరిశోధనల నుంచి మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు వచ్చింది. అదే మందును తక్కువ మోతాదులో సార్కాయిడోసిస్‌కూ వాడతారు. మందుచీటీలో ఆ పేరు కనబడగానే “క్యాన్సరే” అని బెంబేలెత్తనక్కరలేదు.

ముక్క తీస్తే జబ్బు పాకుతుందని జంకేవారు ఇంకా ఉన్నారు. అలా జరగడం చాలా అరుదు. మీ ఇంట్లో ఎవరికైనా ఎక్స్‌రేలో నీడ కనిపిస్తే, ఏడవకముందే, ధైర్యం చెప్పకముందే, “ముక్క పరీక్ష అవసరమా?” అని వైద్యుణ్ణి అడగమనండి. నీడ తన పేరు తాను చెప్పదు.