ఆట యంత్రముల పునర్జన్మ

మనుష్యుడు నిర్మించిన వస్తువేదియు శాశ్వతము కాదు. అయినను కొన్ని వస్తువులు పెక్కు తరములు నిలుచును; కొన్ని ఒక తరములోనే నశించును. హైదరాబాదు పాతబస్తీలో 1591వ సంవత్సరమున వెలసిన చార్మినారు నేటికిని నిలిచియున్నది. దాని గచ్చు రాలినపుడు పనివారు సున్నము నూరి తిరిగి పూయుదురు. ఆ విద్య వారి పూర్వులు ఎఱిగినదే. అందుకు వలయు వస్తువులును దొరకును. కాని విద్యుచ్ఛక్తితో నడచు సూక్ష్మయంత్రముల సంగతి వేఱు. వాని లోపలి చిప్పు ఒకటి చెడినచో దానిని విప్పి బాగుచేయుటకు వీలులేదు. దానిని తయారుచేసిన కర్మాగారము ఎన్నడో ఆ పని మానివేసియుండును. అట్టి యంత్రమును తిరిగి బ్రతికించుట ఎట్లు? ఈ ప్రశ్నకు చక్కని సమాధానము ఒక ఆటవస్తువు చరిత్రలో లభించుచున్నది.

1990వ సంవత్సరము తరువాతి దశాబ్దమున మన పట్టణములలోని పెక్కు ఇండ్లలో ‘టీవీ గేమ్’ అను చిన్న పెట్టె ఉండెడిది. దానిని టెలివిజనుకు తగిలించి, క్యాసెట్టు అని పిలువబడు ప్లాస్టిక్కు డబ్బీని పైనున్న సందులో దూర్చి, మీట నొక్కినచో ఆట మొదలగును. మీసములుగల మారియో గోడలు దుముకుచు పరుగెత్తును. బాతులు ఎగురుచుండగా పిల్లలు ప్లాస్టిక్కు తుపాకితో గుఱిపెట్టుదురు. ‘మీడియా’, ‘లిటిల్ మాస్టర్’ మొదలగు పేర్లతో ఇట్టి పెట్టెలు మన దేశమున అమ్ముడుపోయెను. వేసవి సెలవులలో ఇరుగుపొరుగు పిల్లలందఱు ఒక ఇంట చేరి వంతులవారిగా ఆడుకొనెడివారు. నేడు ఆ పెట్టెలు అటకలమీద దుమ్ము పట్టియుండును. లేదా పురానాపూలు చేరువ గురువారములందు సాగు జుమ్మేరాత్ బజారు వంటి పాత వస్తువుల సంతలకు చేరియుండును.

ఈ పెట్టెలలో అధికభాగము అసలైనవి కావు, నకళ్లు. అసలు యంత్రము జపానులో పుట్టినది. క్యోటో నగరమునందలి నింటెండో సంస్థ దానిని 1983వ సంవత్సరము జూలై 15వ తేదీన ‘ఫామికామ్’ అను పేరుతో విడుదల చేసెను. ‘ఫ్యామిలీ కంప్యూటర్’ అను మాటల సంక్షేపమే ఆ పేరు. కాలక్రమమున అది ప్రపంచమందంతట ఆఱు కోట్లకు పైగా అమ్ముడుపోయెను. మన అంగళ్లలో మాత్రము ఆ అసలు యంత్రము అరుదు. నకలు చౌక, దొరకుట సులభము. కావున మన పిల్లలలో పెక్కుమంది ఎఱిగినది నకలునే.

నకలు ఎట్లు పుట్టినదో తెలియవలెనన్న ముందుగా అసలు యంత్రము పనిచేయు విధమును గ్రహింపవలెను. ఫామికామ్ లోపల ముఖ్యమైన చిప్పులు రెండు. మొదటిది లెక్కలు చేయు చిప్పు. ఆట నియమములను నడపుటయు, ధ్వనులను పుట్టించుటయు దాని పని. సంగీతమునకు తాళమువలె ప్రతి చిప్పునకును ఒక తాళము ఉండును. ఈ చిప్పు సెకనునకు సుమారు 17 లక్షల 90 వేల తాళములతో నడచును. దానికి లభించిన పనిజ్ఞాపకము 2,048 బైట్లు మాత్రమే. అనగా బైటునకు ఒక్కటి చొప్పున ఇంగ్లీషు అక్షరములు వ్రాసినచో ఒకటి రెండు పుటలతో అది నిండిపోవును.

రెండవది చిత్రమును గీయు చిప్పు. పాతబస్తీలోని బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడలను చూచినవారికి దాని పనితీరు సులభముగా అర్థమగును. అక్కడ రంగురంగుల చిన్న పలకలను ప్రక్కప్రక్కన పేర్చి గొప్ప చిత్రములను నిర్మించిరి. ఈ చిప్పును అట్లే చేయును. అడ్డముగా 32, నిలువుగా 30 పలకలను పేర్చి తెరపై దృశ్యమును కల్పించును. ఒక్కొక్క పలక ఎనిమిదేసి చుక్కల వెడల్పు, ఎనిమిదేసి చుక్కల ఎత్తు కలది. కావున తెర మొత్తము వెడల్పు 256 చుక్కలు, ఎత్తు 240 చుక్కలు. ఒకే పలకను పదిచోట్ల వాడుకొనవచ్చును గనుక స్వల్పమైన జ్ఞాపకముతోనే ఆకాశము, కొండలు, గోడలు అన్నియు ఏర్పడును. ఈ చిత్రమును ఆ చిప్పు సెకనునకు 60 మాఱులు గీయును.

ఈ రెండు చిప్పులను పోలిన చిప్పులను తైవాను దేశపు కర్మాగారములు తయారుచేసెను. నకలుచేయుటలోను బుద్ధికుశలత అవసరమే. జపాను టెలివిజను సెకనునకు 60 మాఱులు తెరను నింపగా, మన దేశమున అనుసరించిన పాల్ పద్ధతిలో 50 మాఱులే నింపును. కావున పాల్ దేశముల కొఱకు చేసిన నకళ్లలో, ప్రతి చిత్రము ముగిసిన పిదప చిప్పు కొంతసేపు ఊరకుండునట్లు మార్పు చేసిరి. ఆటలు చెదరక నడచెను; కాని వేగము తగ్గెను. జపానులో 60 సెకనులలో ముగియు పరుగు ఇక్కడ 72 సెకనులు పట్టును. మన పిల్లలకు ఆ సంగతి తెలియదు. వారికి అదియే సహజమైన వేగము.

మఱియొక విశేషము. ఫామికామ్ పుట్టించు స్వరములలో కొన్ని, ప్రతి ఆవృత్తిలోను అర్ధభాగము ఎత్తుగా నిలుచును. కొన్ని నాల్గవ వంతు మాత్రమే ఎత్తుగా నిలుచును. మొదటిది నిండుగను, రెండవది సన్నగను వినబడును. పెక్కు నకళ్లలో ఈ రెండును తారుమారైనవి. రాగము మాఱలేదు, కంఠము మాఱినది. యంత్రమును పూర్తిగా అర్థముచేసికొనక నకలు తీసినచో ఇట్టి దోషములు దొర్లుట సహజము.

పిమ్మట తయారీదారులు అన్ని చిప్పుల పనిని ఒకే చిప్పులో ఇమిడ్చి, దానిపై నల్లని జిగురుముద్ద పోసి మూసివేసిరి. పెట్టె మిక్కిలి చౌకయైనది. కాని ఆ ముద్ద క్రింద ఏది చెడినను మార్చుటకు వీలులేకపోయెను. కోఠిలోని గుజరాతీ గల్లీలో విద్యుత్పరికరముల విడిభాగములు విశేషముగా అమ్ముదురు. తీగ తెగినను, మీట విఱిగినను అక్కడ కొని అతికింపవచ్చును. నల్లముద్దకు మాత్రము అట్టి మందు లేదు.

ఇట్లు అసలు యంత్రములును నకళ్లును ముదిసిపోవుచుండగా, వానిని నిలుపుటకు రెండు మార్గములు ఏర్పడినవి. మొదటిది కంప్యూటరులో ఒక కార్యక్రమము వ్రాసి, పాత యంత్రమువలె నటింపజేయుట. ఇది హరికథ వంటిది. హరికథలో దాసుగారు ఒక్కరే రాముడై పలుకుదురు. మఱుక్షణమున రావణుడై గర్జింతురు. వెంటనే హనుమంతుడై ఎగురుదురు. అట్లే కంప్యూటరు కొంతసేపు లెక్కల చిప్పు పాత్రను, కొంతసేపు చిత్రపు చిప్పు పాత్రను, కొంతసేపు ధ్వని పాత్రను వహించును. నేటి కంప్యూటర్లు మిక్కిలి వేగవంతములు గనుక ఈ పద్ధతి చక్కగానే పనిచేయును. అయినను మీట నొక్కుటకును తెరపై ఫలము కనబడుటకును నడుమ ఒక్కొక్కప్పుడు స్వల్ప విలంబము కలుగును.

రెండవ మార్గము నాటకము వంటిది. నాటకమున ప్రతి పాత్రకును ఒక నటుడు ఉండును. అందఱును ఒకేసారి రంగముపై నిలిచి తమ తమ పనులను చేయుదురు. ఇట్టి నాటకమునకు రంగస్థలమైనది ‘ఎఫ్.పి.జి.ఏ.’ అను చిప్పు. కర్మాగారమునుండి వెలువడిన పిదప గూడ దాని లోపలి నిర్మాణమును మనము కోరినట్లు మార్చుకొనవచ్చును. అమెరికాలో 1984వ సంవత్సరమున స్థాపింపబడిన జైలింక్స్ సంస్థ 1985లో ఇట్టి మొదటి చిప్పును వెలువరించెను. రాస్ ఫ్రీమన్ దాని ఆవిష్కర్త.

తయారైన చిప్పు మాఱుట ఎట్లు అని సందేహము కలుగవచ్చును. మేడమెట్లకు క్రింద ఒక మీటయు, పైన ఒక మీటయు ఉన్న దీపమును మీరు చూచియుందురు. రెండు మీటలును క్రిందికి ఉన్నపుడు దీపము వెలుగదు. ఏదో ఒకటి మాత్రము పైకి ఉన్న వెలుగును. రెండును పైకి ఉన్న ఆఱిపోవును. మీటలకు గల నాలుగు స్థితులకు ఫలములను వ్రాసినచో 0, 1, 1, 0 అగును. ఇప్పుడు నాలుగు గదులుగల చిన్న జ్ఞాపకపు అఱలో ఈ నాలుగు అంకెలను వ్రాసి ఉంచుదము. మీటల స్థితినిబట్టి ఏ గది తెఱువవలెనో నిర్ణయింపబడును. ఆ గదిలోని అంకెయే దీపమునకు ఆజ్ఞ. ఆ అంకెలను చెఱిపి 0, 0, 0, 1 అని వ్రాసినచో ఏమగును? రెండు మీటలును పైకి ఉన్నపుడే దీపము వెలుగును. ఒక్క తీగయైనను కోయలేదు, కలుపలేదు. కాని వలయము స్వభావమే మాఱిపోయినది.

ఎఫ్.పి.జి.ఏ.లోని రహస్యము ఇదియే. అందులో ఇట్టి అఱలు వేలకొలది ఉండును. ప్రతి అఱకు ప్రక్కన, ఒక తాళమునుండి మఱుతాళమువఱకు ఫలమును నిలిపియుంచు చిన్న జ్ఞాపకము ఉండును. కూడలిలో రైలుపట్టాలను మార్చునట్లు, ఏ అఱ ఫలము ఏ అఱకు పోవలెనో నిర్ణయించు దారులును ఉండును. 1985 నాటి మొదటి చిప్పులో అఱల గుంపులు 64 మాత్రమే. నేడు ఆట యంత్రములను పునర్నిర్మించువారు తఱచుగా వాడు ‘సైక్లోన్ 5’ చిప్పునందు అట్టి మూలకములు సుమారు 1,10,000 కలవు. వెరిలాగ్, వి.హెచ్.డి.ఎల్. అను ప్రత్యేక భాషలలో ఇంజనీరు తన వలయమును వర్ణించి వ్రాయగా, కంప్యూటరు ఆ వర్ణనమును అఱలలోని అంకెలుగా మార్చును. సాధారణమైన కంప్యూటరు కార్యక్రమము యంత్రము ఏమి చేయవలెనో చెప్పును. ఈ వర్ణనము యంత్రము ఏమి కావలెనో చెప్పును. ఒకే చిప్పు ఉదయము ఫామికామ్ కావచ్చును. సాయంకాలము వేఱొక వర్ణనమును నింపినచో మఱియొక యంత్రము కావచ్చును.

అయితే పాత చిప్పు లోపల ఏమున్నదో తెలియనిదే వర్ణనము వ్రాయుట ఎట్లు? ఇందుకు పరిశోధకులు చేసిన శ్రమ ప్రశంసనీయము. పాత చిప్పుల కప్పును ఆమ్లముతో కరగించి, లోపలి పలకను సూక్ష్మదర్శినితో ఛాయాచిత్రములు తీసి, ప్రతి గీతను గుర్తించిరి. ఫామికామ్ లెక్కల చిప్పునకు మూలమైన ‘6502’ అను చిప్పు 1975లో వెలువడినది. దానిలోని సుమారు 3,500 ట్రాన్సిస్టర్ల అమరికను ఇట్లు గుర్తించి, అవి పనిచేయు విధమును 2010వ సంవత్సరమున ఒక బృందము లోకమునకు చూపెను. ఇట్టి జ్ఞానము ఆధారముగా 2017లో ‘మిస్టర్’ అను పథకము ఆరంభమైనది. దాని వర్ణనములన్నియు ఎవరైనను చదువుటకు వీలుగా బహిరంగముగా ఉంచబడినవి. అదే సంవత్సరమున అనలాగ్ అను సంస్థ ఎఫ్.పి.జి.ఏ.తో నిర్మించి, పాత క్యాసెట్టులను స్వీకరించు యంత్రము నొకదానిని అమ్మకమునకు తెచ్చెను.

ఈ విద్య మన నగరమునకు దూరమైనది కాదు. జైలింక్స్ సంస్థకు చెందిన పెద్ద పరిశోధనా కేంద్రము ఈ శతాబ్దపు తొలి దశాబ్దముననే హైదరాబాదులో నెలకొన్నది. 2022లో ఆ సంస్థ ఏ.ఎం.డి. సంస్థలో విలీనమైనది. మార్చుకొనదగిన చిప్పుల రూపకల్పనకై మన ఇంజనీర్లు ఈ నగరమునందే కృషిచేయుచున్నారు. వైద్యపరికరములు, ఉపగ్రహములు, టెలిఫోను వ్యవస్థలు మున్నగువానిలో ఈ చిప్పులకు గొప్ప ఉపయోగము కలదు. ఆట యంత్రముల పునర్నిర్మాణము ఆ విద్యకు ఒక చక్కని ప్రవేశద్వారము.

పునర్నిర్మాణమునకును హద్దులు కలవు. పాత ఆటలోని తుపాకినే చూడుడు. అది దేనిని కాల్చదు, చూచును. మీట నొక్కగానే తెర క్షణకాలము నల్లబడి, బాతు ఉన్నచోట మాత్రము తెల్లని చతురస్రము మెఱయును. తుపాకి గొట్టములోని కాంతిగ్రాహకమునకు ఆ వెలుగు తగిలినచో గుఱి తప్పలేదని అర్థము. పాత టెలివిజను గాజుగొట్టము తక్షణమే వెలుగును. నేటి పలుచని తెరలు చిత్రమును కొంత విలంబముతో చూపును. అందువలన చిప్పును ఎంత చక్కగా నిర్మించినను పాత తుపాకి క్రొత్త తెరముందు గ్రుడ్డిదగును. యంత్రము ఒంటరిగా బ్రతుకదనియు, దాని పరిసరములును దానిలో భాగమేననియు దీనివలన తెలియుచున్నది.

న్యాయమునుగూడ గుర్తుంచుకొనవలెను. యంత్రనిర్మాణముపై పేటెంటు హక్కు సాధారణముగా 20 ఏండ్లకు మించదు. కావున 1983 నాటి యంత్రమును నేడు పునర్నిర్మించుట దొంగతనము కాదు. కాని ఆటలు రచనలవంటివి. మన దేశపు 1957 నాటి చట్టము ప్రకారము రచయిత మరణానంతరము 60 ఏండ్లవఱకు రచనపై హక్కు నిలుచును. కంప్యూటరు కార్యక్రమములకును ఆ రక్షణ కలదు. యంత్రమును నిర్మించుట వేఱు. అనుమతి లేక ఇతరుల ఆటలను ప్రతులు తీసి పంచుట వేఱు.

ఇక మిగిలిన ప్రశ్న ఒకటి కలదు. మనము కాపాడవలసినది అసలునా, నకలునా? జపాను యంత్రముల వివరములను శ్రద్ధతో భద్రపఱచువారు లోకమున పెక్కుమంది కలరు. కాని పాతబస్తీ సందులలోని పిల్లలు విన్న మాఱిన కంఠము, వారు చూచిన నెమ్మది పరుగు అసలు యంత్రమున లేవు, అవి నకలులోనివి. ఒక తరపు బాల్యము దానితో ముడిపడియున్నది. దోషములని వానిని విడిచిపెట్టినచో ఆ చరిత్రయు మాసిపోవును. మార్చుకొనదగిన చిప్పున నకలును గూడ యథాతథముగా నిర్మింపవచ్చును. అందుకు ముందుగా ఎవరో ఒకరు ఆ పెట్టెను శ్రద్ధగా పరిశీలించి, కొలిచి, వ్రాసిపెట్టవలెను.

విద్యార్థులారా! మీ ఇంటి అటకపై అట్టి పాత పెట్టె ఉన్నచో దానిని తూకమునకు అమ్మివేయకుడు. పాత టెలివిజను లోపల ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండును గనుక దానిని విప్పుటకు సాహసింపకుడు. ఆటపెట్టెను మాత్రము విద్యుత్తునుండి తొలగించి, పెద్దల సమక్షమున తెఱచి చూడుడు. ఏ చిప్పుపై ఏ అంకె ఉన్నదో వ్రాసికొనుడు. వస్తువు చెడిపోవచ్చును. అది ఎట్లు పనిచేసెనో తెలిసినవారు ఉన్నంతకాలము దానిని మరల నిర్మింపవచ్చును.