చిన్న దెబ్బే గదా! – క్యాజువాల్టీలో ఫిజియోథెరపీ

మా వూరు పెదకూరపాడు. గుంటూరులో మాచర్ల ప్యాసింజరు ఎక్కితే దారిలో తగులుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు గుంటూరు జిల్లా వాళ్ళం కాస్తా పల్నాడు జిల్లా వాళ్ళమయినాము. కాని కాలో చెయ్యో విరిగిందంటే మా వాళ్ళ నోట ఇప్పటికీ వచ్చే మాట ఒకటే – "గుంటూరు పెద్దాసుపత్రికి పదండి!"

విరగకపోతే? బెణికితే? అప్పుడు ఎవరి వైద్యం వారిదే. ఒకరు చింతపండూ ఉప్పూ కలిపి ఉడికించి పట్టు వెయ్యమంటారు. ఒకరు ఆముదం రాసి కాపడం పెట్టమంటారు. నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళని వెతికి తీసుకొచ్చి తొక్కించడం కూడా వుంది. (మా వీధిలో అలా పుట్టినాయన ఒకాయన వున్నాడు. పాపం, ఆయనకే ఎప్పుడూ నడుంనొప్పి!) నేను ఫిజియోథెరపీ చదువుతున్నానంటే మా బాబాయి, "అంటే మాలీషేగా! దానికి కాలేజీ ఎందుకురా?" అన్నాడు. ఈ వ్యాసం సగం ఆయన కోసమే.

మిగతా సగం మా పెద్దమ్మ కోసం. రెండేళ్ళ క్రితం మిరపకోతల రోజుల్లో గట్టు మీద కాలు జారి, ఎడమ చెయ్యి ఆనించి పడింది. మణికట్టు విరిగింది. ఒక ఆసుపత్రి క్యాజువాల్టీకి తీసుకుపోయారు. ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అనవసరం. నిజం చెప్పాలంటే వాళ్ళు చేయవలసిందంతా చేశారు. ఎక్స్‌రే తీశారు, ఎముక సరిచేశారు, పిండికట్టు వేశారు, ఆరువారాల తర్వాత రమ్మన్నారు. పక్క మంచం మీద లారీ ప్రమాదం కేసు రక్తం ఓడుతుంటే మణికట్టు దగ్గర నిలబడి పాఠం చెప్పే తీరిక ఏ డాక్టరుకుంటుంది?

పెద్దమ్మ చెప్పింది చెప్పినట్లు పాటించింది. తువ్వాలుతో చేతిని గుండెకు కట్టుకుని ఆరువారాలు వేలు కూడా కదల్చలేదు. "కదిపితే అతకదు" అని చుట్టుపక్కల అందరూ అన్నారు మరి. కట్టు విప్పితే ఎముక చక్కగా అతికింది. కాని పిడికిలి ముడవదు, చెయ్యి భుజం పైకి లేవదు. తల దువ్వి ముడి వేసుకోవాలంటే కోడలు రావాలి. మిరపకాయ కొయ్యాలంటే రెండు చేతులూ ఆడాలి గదా! ఆ ఏడు కూలీ పోయింది, మరుసటి ఏడు సగం పోయింది.

విరిగింది మణికట్టు, పట్టేసింది వేళ్ళూ భుజమూను. కట్టులో లేని కీళ్ళను కట్టు వేసిన రోజు నుంచే కదిలించాలి. గంటకు నాలుగైదుసార్లు వేళ్ళు పూర్తిగా చాపి ముడవాలి, రోజూ కొన్నిసార్లు చెయ్యి నెత్తిమీదికి ఎత్తి దించాలి, మొదటి రోజుల్లో వాపు దిగేందుకు చేతిని గుండె కంటే ఎత్తున పెట్టుకోవాలి. ఇంతే! చెప్పడానికి ఐదు నిమిషాలు, ఎదురుగా చేయించి చూడటానికి మరో ఐదు. ఆ పదినిమిషాలు ఇచ్చే మనిషి క్యాజువాల్టీలో లేడు. ఫిజియోథెరపీ విభాగం వున్న చోట కూడా అది సాధారణంగా వేరే భవనంలో, పగటి ఓ.పి. వేళల్లోనే పనిచేస్తుంది. దెబ్బలేమో సాయంత్రం పొలం నుంచి వచ్చేటప్పుడో, ఆదివారం కబడ్డీలోనో తగులుతాయి.

ఈ మనిషిని క్యాజువాల్టీలోనే కూర్చోబెడితే ఏమన్న ఆలోచన కొన్ని దేశాల్లో ఎప్పుడో ఆచరణలోకి వచ్చింది. ఆస్ట్రేలియాలో 1976 నుంచే డాక్టరు చీటీ లేకుండా రోగి నేరుగా ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్ళే పద్ధతి వుంది. ఆ దేశంలోనూ, బ్రిటనులోనూ తర్వాతి కాలంలో అదనపు శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టులను అత్యవసర విభాగాల్లోనే నియమించడం మొదలుపెట్టారు. వచ్చిన రోగులను నర్సు ముందుగా వేరుచేస్తుంది. తలదెబ్బ, గుండెనొప్పి, ఎముక బయటికి పొడుచుకు వచ్చినవి, ఇవన్నీ డాక్టరు వైపు. బెణికిన చీలమండ, తిరిగిన మోకాలు, పట్టిన నడుము, ఇవి ఫిజియోథెరపిస్టు వైపు. ఆయనే పరీక్షించి, అవసరమయితే ఎక్స్‌రేకు పంపి, కట్టుకట్టి, చంకకర్రలతో నడక నేర్పి ఇంటికి పంపుతాడు. అనుమానం వస్తే పక్కనే డాక్టరున్నాడు. డాక్టరుకు లారీ కేసు చూసుకునే తీరిక, బెణుకువాడికి ఎదురుచూపు తగ్గడం, రెండూ కలిసివస్తాయి.

మన దేశంలో ఈ విద్య పుట్టుక వేరుగా జరిగింది. బొంబాయిలో పోలియో విజృంభించాక 1953లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో అక్కడి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో శిక్షణ మొదలయింది. అందుకనే కాబోలు, ఫిజియోథెరపీ అంటే పోలియోకో పక్షవాతానికో అనీ, అన్ని వైద్యాలూ అయిపోయాక చివర్లో వెళ్ళేదనీ మనకొక అభిప్రాయం స్థిరపడింది. వృత్తికి దేశవ్యాప్తంగా ఒక చట్టం రావడానికి 2021 దాకా పట్టింది.

"ఎక్స్‌రే తియ్యకుండా విరగలేదని ఎలా చెప్తావు?" అని మా బాబాయి అడిగాడు. మంచి ప్రశ్నే. కెనడాలోని అట్టావా నగర వైద్యులు 1992లో చీలమండకు కొన్ని సూత్రాలు ప్రకటించారు. చీలమండకు రెండు వైపులా గుబ్బల్లాగా ఎముకలుంటాయి గదా! వాటి చివర నుంచి వెనక అంచు వెంట 6 సెంటీమీటర్లు పైకి నొక్కి చూడాలి. అక్కడ ఎముక మీదనే నొప్పి వున్నా, దెబ్బ తగిలిన వెంటనే గాని, ఆసుపత్రిలో గాని నాలుగడుగులు వెయ్యలేకపోయినా ఎక్స్‌రే తీయాలి. పాదంలో అయితే చిటికెనవేలు వైపు అంచున మధ్యలో తగిలే ఎముక మొదలు, లోపలివైపు వంపు పైనుండే చిన్న ఎముక, ఈ రెండు చోట్లా నొక్కి చూడాలి. ఇవేవీ లేకపోతే విరిగి వుండే అవకాశం బహు తక్కువ. కుంటుతూనైనా సరే నాలుగడుగులు పడితే పడినట్లే లెక్క. చిన్నపిల్లలకూ, తాగివున్నవాళ్ళకూ, పాదంలో స్పర్శ తగ్గిన చక్కెరజబ్బువాళ్ళకూ మాత్రం ఈ సూత్రం నమ్మకూడదు.

విరగలేదని తేలాక అసలు పని మొదలవుతుంది. బెణుకంటే నరం పట్టెయ్యడం కాదు, ఎముకను ఎముకతో బిగించే కట్టునారలు సాగడమో కొంత తెగడమో. మొదటి రెండు మూడు రోజులు వాపు. ఆపైన కొత్త నార పుడుతుంది. అది ఏ వైపు లాగుడుంటే ఆ వైపు వరుసగా సర్దుకుని గట్టిపడుతుంది. అందుకే నెలంతా మంచం దిగకపోతే బలహీనంగా, అస్తవ్యస్తంగా అతుకుతుంది. భరించగలిగినంత బరువు మోపి తొందరగా నడిపించమంటాము. ఇంకొకటి. పాదం ఎటు ఒరుగుతోందో మెదడుకు కబురంపే నరాల కొసలు ఆ నారల్లోనే వున్నాయి. అవీ దెబ్బతింటాయి. ఒకసారి బెణికిన కాలే మళ్ళీ మళ్ళీ బెణకడానికి అదొక ముఖ్యకారణం. వాపు తగ్గాక గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, తర్వాత గోడ వదిలి, ఆపైన కళ్ళు మూసుకుని నిలబడటం – ఇదే దానికి సాధన. మా వూళ్ళో కుర్రాళ్ళకు నేర్పితే పందెం కట్టి మరీ చేశారు.

ఐసు సంగతి తేలలేదు. విశ్రాంతి, ఐసు, బిగికట్టు, కాలు ఎత్తిపెట్టడం అన్న నాలుగు మాటల సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన గేబ్ మిర్కిన్ అనే అమెరికా డాక్టరే తర్వాత, ఐసు వల్ల మానడం ఆలస్యం కావచ్చునని మాట మార్చుకున్నాడు. నొప్పికి కాసేపు గుడ్డలో చుట్టి పెట్టుకుంటే తప్పులేదు. మొదటి రెండురోజులు వేడి కాపడం, మాలీషు మాత్రం వద్దు, వాపు పెరుగుతుంది. బాబాయి గమనించాలి.

నాటుకట్టు గురించి చెప్పకపోతే అన్యాయం. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాడుంటాడా! తరతరాలుగా జనం వెళుతున్నారంటే వూరికే కాదు. ఖర్చు తక్కువ, ముట్టుకుని చూస్తారు, మాట్లాడతారు. మన ఆసుపత్రుల్లో కరువైంది అదే. కాని కట్టు నాటుదైనా పిండిదైనా బిగిస్తే ప్రమాదమే. వేళ్ళు నీలంగానో తెల్లగానో మారినా, తిమ్మిరెక్కినా, మందులకు లొంగని నొప్పి గంట గంటకూ పెరుగుతున్నా, వేళ్ళను ఇంకొకరు మెల్లగా చాపితే ప్రాణం పోయినట్లున్నా తెల్లారేదాకా ఆగకూడదు. లోపల రక్తం ఆడక కండ చచ్చిపోతోందన్నమాట. కొన్ని గంటల తేడాలో చెయ్యే పోవచ్చు. అర్ధరాత్రయినా సరే, 108కి ఫోను చేసి ఆసుపత్రికి పోవాలి.

చంకకర్రల గురించి కూడా ఒక మాట. అవి చంకకు ఆనకూడదు, రెండు మూడు వేళ్ళు కిందికుండాలి. బరువు అరచేతుల మీద పడాలి. చంకలో వేలాడితే నరం నలిగి మణికట్టు వాలిపోతుంది, కాలికి పోతే చేతికి చుట్టుకున్నట్లు! మెట్లెక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు కర్రలూ దెబ్బకాలూ ముందు.

సత్తెనపల్లి, నరసరావుపేట వంటి చోట్ల క్యాజువాల్టీలో సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పదిదాకా ఒక ఫిజియోథెరపిస్టుకు కుర్చీ వేస్తే చాలునని నా అభిప్రాయం. యంత్రాలక్కర్లేదు. ఒక బల్ల, క్రేప్ బ్యాండేజీలు, నాలుగు జతల చంకకర్రలు, తెలుగులో అచ్చువేసిన కాగితాలు. "కూలిమనిషి చదువుతుందా కాగితం?" అని మా లెక్చరరుగారొకరు సందేహించారు. బొమ్మలు వెయ్యవచ్చును సార్. వేళ్ళు ముడిచిన బొమ్మ ఒకటి, చెయ్యెత్తిన బొమ్మ ఒకటి.

పెద్దమ్మకు పోయిన వేసవి సెలవుల్లో నేనే మొదలుపెట్టించాను. గోరువెచ్చని నీళ్ళల్లో చెయ్యి పెట్టి గుడ్డ పిండటం, గోడమీద వేళ్ళతో పైకి పాకడం. పాకినంతవరకు రోజూ బొగ్గుతో గీత గీసేది. దసరాకు వెళ్ళేసరికి గీతలు తలుపు గడప పైదాకా చేరాయి. ముడి తనే వేసుకుంటోంది. పిడికిలి మాత్రం ఇంకా చిటికెనవేలు దగ్గర పూర్తిగా ముడవడం లేదు.